లెక్కకు రాని గంటలు

హైదరాబాదులో ఉద్యోగమో చదువో కూలిపనో చేసుకుని బతికే మనిషికి రెండు రకాల నిరీక్షణ తప్పదు. ఒకటి రోజూ రెండు పూటలా బస్టాపులోనో రైలు ప్లాట్‌ఫారం మీదనో సాగేది. రెండోది ఏడాదికి నాలుగైదుసార్లే తటస్థించినా వచ్చిన ప్రతిసారీ ఒక పూటనో ఒక రోజునో మింగేసేది, అంటే సర్కారు ఆఫీసులో కౌంటరు ముందు సాగేది. మొదటిదాన్ని ట్రాఫిక్ సమస్యగానూ, రెండోదాన్ని అలసత్వంగానో అవినీతిగానో వేరువేరు పద్దుల కింద రాసుకోవడం పత్రికలకూ పాలకులకూ అలవాటు. నిజానికి రెండింటిదీ ఒకే లెక్క. బస్సులు చాలని రవాణా సంస్థ, సిబ్బంది చాలని కార్యాలయం తమ లోటును జనం సమయంతో పూడ్చుకుంటాయి; డీజిలుకూ జీతాలకూ భవనాల అద్దెకూ పద్దు ఉంటుంది గానీ అర్జీదారు నిలబడిన గంటలకు ఏ బడ్జెట్టులోనూ పద్దు ఉండదు కాబట్టి, ఆ ఖర్చు ఎక్కడా నమోదు కాదు.

ఆలస్యం కన్నా, అది ఎంతసేపో తెలియకపోవడమే జనాన్ని ఎక్కువగా వేధిస్తుందన్నది ఈ విషయం మీద పనిచేసినవాళ్లు చాలాకాలంగా చెబుతున్న మాట. వరుసల్లో నిలబడే మనుషుల మనఃస్థితి మీద 1985లో డేవిడ్ మైస్టర్ రాసిన వ్యాసం, ఎప్పటికి పూర్తవుతుందో తెలియని నిరీక్షణ, కారణం చెప్పని నిరీక్షణ అసలు వ్యవధికన్నా ఎంతో పొడవుగా తోస్తాయని వివరించింది. గంట ప్రయాణమని ముందే తెలిస్తే మనిషి దానికి తగ్గట్టు వంట ముగించుకుంటాడు, పిల్లల్ని బడికి పంపుకుంటాడు, మేస్త్రీకి మాట ఇస్తాడు. అదే ప్రయాణం ఒకనాడు నలభై నిమిషాలు, మరొకనాడు గంటన్నర పడితే అతడు రోజూ గంటన్నరకే సిద్ధపడి బయలుదేరాలి, త్వరగా చేరిన రోజున మిగిలిన సమయాన్ని గేటు దగ్గర వృథా చేయాలి.

వస్తే మూడు, లేకుంటే ఒక్కటీ రాదు

సిటీ బస్సు గురించి నగరంలో అందరి నోటా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: అరగంట ఎదురుచూసినా ఒక్కటీ రాని నంబరు బస్సులు, వచ్చేటప్పుడు ఒకదాని వెనక ఒకటిగా మూడు వస్తాయి. దీన్ని డ్రైవర్ల కుమ్మక్కుగా భావించేవాళ్లు ఎక్కువ. గోర్డన్ న్యూవెల్, రెన్‌ఫ్రే పాట్స్ అనే పరిశోధకులు 1964లోనే ఇందులోని గణితాన్ని విడమరిచి చూపారు. డిపో నుంచి సమాన విరామంతో బయలుదేరిన బస్సుల్లో ఒకటి ఏదో సిగ్నలు దగ్గర రెండు నిమిషాలు చిక్కుకుంటే, తర్వాతి స్టాపులో ఆ రెండు నిమిషాల్లో మరికొందరు పోగవుతారు. వాళ్లందరూ ఎక్కేదాకా బస్సు ఆగాలి కాబట్టి మరింత వెనకబడుతుంది, ఆ పైస్టాపులో ఇంకా ఎక్కువమంది ఉంటారు. దాని వెనక వచ్చే బస్సుకేమో ఎక్కేవాళ్లు తగ్గిపోతారు, అది వేగంగా కదిలి ముందున్నదాన్ని అందుకుంటుంది. మెహదీపట్నం నుంచి సికింద్రాబాద్ వెళ్లే 5కె, చార్మినార్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే 8ఎ వంటి రద్దీ మార్గాల్లో ముందు బస్సు ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసి, వెనక బస్సు సగం ఖాళీగా, రెండూ ఒకే స్టాపులో నిలిచి ఉండటం ఇందువల్లనే. మార్గమధ్యంలో ఒకరు నిలబడి వెనక బస్సును రెండు నిమిషాలు ఆపితే విరామం సరిపోతుంది. ఆ పని చేయవలసిన కంట్రోలరుకు అన్ని స్టాపులూ కనిపించవు. కనిపించినా, ఎక్కి కూర్చున్నవాళ్ల చేత తిట్లు తినడానికి అతడు సిద్ధపడడు.

ఇందులో మరో మెలిక ఉంది. పది నిమిషాలకో బస్సు నడుపుతున్నామని సంస్థ చెప్పిన మాట కాగితం మీద నిజమే కావచ్చు. కానీ ఆ బస్సులు ఒకసారి అయిదు నిమిషాల తేడాతో, మరోసారి పదిహేను నిమిషాల తేడాతో వస్తుంటే, సగటు విరామం పదే అయినా ప్రయాణికుడి సగటు నిరీక్షణ అయిదు నిమిషాలు కాదు, ఆరుంపావు నిమిషాలు. ఎందుకంటే స్టాపుకు వచ్చే మనుషుల్లో మూడొంతులమంది పదిహేను నిమిషాల విరామంలోనే వచ్చి చిక్కుతారు. సంస్థ బస్సులను లెక్కపెడుతుంది, ప్రయాణికుడు ఎదురుచూసిన నిమిషాలను లెక్కపెడతాడు. తమ తమ లెక్కల ప్రకారం ఇద్దరి మాటా నిజమే కాబట్టి ఈ తగాదా ఎప్పటికీ తేలదు.

నగరం పెరిగిన తీరు ఈ లెక్కను ఇంకా బిగించింది. నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక విభాగంగా 1932లో 27 బస్సులతో మొదలైన రోడ్డు రవాణా, 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీగా మారింది. అప్పటి నగరానికి చార్మినార్, కోఠి, ఆబిడ్స్, సికింద్రాబాద్ కేంద్రాలు, బస్సు మార్గాలూ వాటి చుట్టూనే అల్లుకున్నాయి. 1998 నవంబరులో నగరానికి పడమట సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం ప్రారంభమయ్యాక కొలువులు పడమటికి కదిలాయి. ఇళ్లు మాత్రం అద్దె అందుబాటులో ఉన్న వైపు, అంటే ఎల్బీనగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్ దిక్కుగా పెరుగుతూ పోయాయి. పొద్దున్నే నగరమంతా ఒక దిక్కుకు పోయి, సాయంత్రం అదే నగరం వెనక్కి రావడం అప్పటి నుంచి నిత్యకృత్యమైంది. పొద్దున పడమటికి నిండుగా వెళ్లిన బస్సు తూర్పుకు ఖాళీగా తిరిగి రావాలి గనుక, సంస్థ లెక్కలో అది నష్టపు మార్గం.

ఈ ప్రవాహాన్ని మోయడానికి వచ్చిన రెండు రైళ్లదీ దేని దారి దానిదే. 2003 ఆగస్టులో మొదలైన లోకల్ రైలు ఎంఎంటీఎస్ దక్షిణ మధ్య రైల్వే చేతిలో ఉంది. దూరప్రాంత రైళ్లూ గూడ్సులూ నడిచే పట్టాల మీదనే అదీ నడవాలి కాబట్టి, వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే లోకల్ పక్కకు తప్పుకోవాలి. 2017 నవంబరులో మొదలై 2020 ఫిబ్రవరి నాటికి మూడు కారిడార్లలో 69 కిలోమీటర్లకు విస్తరించిన మెట్రో, ఎల్ అండ్ టీ సంస్థ ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యంలో నిర్మించి నడిపినది. బస్సు ఆర్టీసీది. ఎంఎంటీఎస్ హైటెక్ సిటీ స్టేషనులో దిగిన కొత్త మనిషి మెట్రో హైటెక్ సిటీ స్టేషను కోసం వెతికితే అది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పేరు ఒకటే, మధ్యలో ఆటో బేరం. ఒకే టికెట్టుతో అన్నింటిలో ప్రయాణించే ఏర్పాటు ఉండాలని, అందుకు నగరానికొక ఉమ్మడి రవాణా ప్రాధికార సంస్థ కావాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం సూచించింది, 2008లో హైదరాబాదుకు అటువంటి సంస్థ కాగితం మీద ఏర్పడింది కూడా. అయినా ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రయాణికుడు మూడు సంస్థలకు మూడు టికెట్లు కొంటూనే వచ్చాడు. మూడింటి మధ్య మారడానికి పట్టే సమయం మూడింటిలో ఏ ఒక్కదాని వైఫల్యంగానూ నమోదు కాదు, అది ఎవరి ఖాతాకూ చెందదు.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం మొదలయ్యాక రద్దీ పెరిగిందనీ, మగవాళ్లకు సీటు దొరకడం లేదనీ వినిపించే విసుగులో ఒక అన్యాయం ఉంది. 2019 చివర్లో 52 రోజుల ఆర్టీసీ సమ్మె ముగిశాక నగరంలో బస్సులను తగ్గించారు. తగ్గిన బస్సుల్లోకి జనం పెరిగితే ఇరుకుదనానికి బాధ్యులు ఎక్కినవాళ్లు కారు. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, పూలూ కూరగాయలూ అమ్ముకునేవాళ్లు గతంలో ఛార్జీ భయానికి నడిచిన దూరాలు ఇప్పుడు బస్సులో వెళ్తున్నారన్నదే ఆ పథకం సాధించిన మేలు. అయితే ఆ ఉచితానికీ ఒక కాగితం ఉంది. ప్రయాణికురాలు తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి, కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇవ్వాలి. ప్రభుత్వం సంస్థకు చెల్లించే సొమ్ముకు ఆ టికెట్టే ఆధారం. అందువల్ల రద్దీ వేళ సిటీ బస్సులో కండక్టరు ఒక భుజం స్తంభానికి ఆనించి, యంత్రం నుంచి వచ్చే సున్నా రూపాయల చీటీలను చించి తలల మీదుగా వెనక్కి అందిస్తుంటాడు, ఆధార్ కార్డులు అదే దారిన ముందుకు వస్తుంటాయి, టికెట్లు తెగకపోతే బస్సు స్టేజీకి ముందే కాసేపు ఆగుతుంది. ప్రయాణపు తిప్పలు, ఆఫీసు తిప్పలు ఒక్కచోట కలిసే దృశ్యం నగరంలో ఇంతకన్నా స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

నూటికి తొంభై అయిదు

రోడ్డు మీద జరిగేదానికీ కౌంటరు దగ్గర జరిగేదానికీ ఉమ్మడి శాస్త్రం ఒకటి ఉంది. కోపెన్‌హాగెన్ టెలిఫోను సంస్థలో ఎన్ని లైన్లు ఉంటే ఎంతమంది ఎంతసేపు ఆగవలసి వస్తుందో తేల్చడానికి డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1909లో వేసిన లెక్కలతో అది మొదలైంది. దాన్ని వరుసల సిద్ధాంతం అంటారు. దాని సారాంశం సామాన్య బుద్ధికి విరుద్ధంగా ఉంటుంది. ఒక గుమాస్తా పనికి సగటున అయిదు నిమిషాలు, అదీ ఒక్కొక్కరికి ఒక్కోలా పడుతుందనీ, జనం తమకు తోచిన వేళల్లో వస్తారనీ అనుకుంటే, అతడి సమయంలో నూటికి ఎనభై వంతులు పనితో నిండినప్పుడు వచ్చిన మనిషి పని ముగించుకుని బయటపడడానికి సగటున పాతిక నిమిషాలు పడుతుంది. తొంభై వంతులు నిండితే యాభై నిమిషాలు, తొంభై అయిదు వంతులు నిండితే గంటా నలభై నిమిషాలు. పని పెరిగింది పదిహేను వంతులే, నిరీక్షణ పెరిగింది నాలుగు రెట్లు. సీట్లో ఖాళీగా కూర్చున్న గుమాస్తాను చూసి దుబారా అనుకునే ఆర్థిక శాఖ, ఖాళీగా కనిపించే రోడ్డును చూసి వృథా అనుకునే ప్రణాళికా విభాగం ఈ లెక్కను ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ కాస్త ఖాళీయే వరుసను కదిలిస్తుంది.

ఏటా జూన్, జులై నెలల్లో ఈ లెక్క నగరంలోని ప్రతి తహసీల్దారు కార్యాలయంలోనూ కళ్లకు కడుతుంది. ఇంటర్, ఇంజినీరింగ్, డిగ్రీ ప్రవేశాలన్నీ అప్పుడే జరుగుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఆదాయ ధ్రువపత్రం, రిజర్వేషనుకు కుల ధ్రువపత్రం, ఆర్థికంగా వెనకబడిన వర్గాల కోటాకు మరో ధ్రువపత్రం కావాలి. అదే నెలల్లో విద్యార్థి బస్ పాసు కోసం కాలేజీ నుంచి బోనఫైడ్ తెచ్చుకుని రేతిఫైల్ వంటి పాసు కౌంటర్ల దగ్గర వరుస కట్టాలి. కార్యాలయం గేటు బయట జిరాక్స్ యంత్రం, గమ్ము సీసా, దారం కట్టిన బాల్‌పెన్ను పెట్టుకున్న బల్ల, దాని వెనక అర్జీలు రాసిపెట్టే మనిషి, పక్కన నోటరీ. లోపల ఇన్‌వార్డు కిటికీ, దాని మీద ‘సర్వర్ పనిచేయడం లేదు’ అని రాసి అంటించిన అట్టముక్క. ఆ అట్టముక్కను తీసి దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ వాడుతుంటారని దాని నాలుగు మూలలా మందంగా పేరుకున్న టేపు చెబుతుంది.

మీసేవా వచ్చాక ఈ వరుసలు ఉండకూడదు. 2011 నవంబరులో మొదలైన ఆ పథకం సేవలను రెండు వర్గాలుగా విడదీసింది: అప్పటికే కంప్యూటరులో ఉన్న రికార్డు నకలును అక్కడికక్కడే ఇచ్చేవి ఎ వర్గం, విచారణ జరిపి మంజూరు చేయవలసినవి బి వర్గం. మొదటి వర్గంలో మేలు కాదనలేనిది. రెండో వర్గంలో మాత్రం వరుస మాయం కాలేదు, కంటికి కనబడని చోటికి తరలింది. మీసేవా ఆపరేటరు దరఖాస్తును ఎక్కిస్తాడు, అది గిర్దావరు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, లాగిన్‌లో ఆగుతుంది, ఆ లాగిన్‌లో ఎన్ని ఉన్నాయో దరఖాస్తుదారుకు తెలియదు. ఫోనులో ‘పెండింగ్’ అన్న ఒక్క మాటే కనిపిస్తుంది. పాత పద్ధతిలో వరుసలో తన ముందు ఎంతమంది ఉన్నారో కనీసం కళ్లతో లెక్కపెట్టుకునే వీలుండేది.

కొర్రీ పడిందంటే

ప్రభుత్వ కార్యాలయాలతో పనిపడినవాళ్లందరికీ తెలిసిన మాట ఒకటి ఉంది. దరఖాస్తు మీద అభ్యంతరం రాసి వెనక్కి పంపడాన్ని కొర్రీ వేయడం అంటారు. కొర్రీకి రెండు లక్షణాలు ఉంటాయి: అది చాలా పొట్టిగా ఉంటుంది, ఒక్కసారికి ఒక్కటే వస్తుంది. రేషను కార్డు జతచేయలేదని తిరిగి వచ్చిన దరఖాస్తుకు దాన్ని జతచేసి పంపితే, తండ్రి పేరు తేడాగా ఉందన్న రెండో కొర్రీ బయటపడుతుంది. రెండు లోపాలూ మొదటి రోజే కాగితం మీద ఉన్నా, మొదటిది కనిపించగానే చదవడం ఆపేయడం చూసేవాడికి సులువు. తనకు మిగిలిన రెండు నిమిషాలకు బదులు దరఖాస్తుదారుకు మరో పూట సెలవు ఖర్చవుతుందన్న సంగతి ఆ గది లోపలి నుంచి కనబడదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇక్కడ పూర్తిగా వర్తించదు, ఎందుకంటే ఈ పూజారికి దేవుడన్నా, ఆడిటన్నా, ఏసీబీ అన్నా భయమే.

తెలుగువాళ్లకు కొర్రీలు పుట్టే అసలు గని పేర్లలో ఉంది. ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక ఉండటం, ఇంటిపేరును ఒక్క ఇంగ్లిషు అక్షరానికి కుదించడం తరతరాల వాడుక. పదో తరగతి మెమోలో పొడి అక్షరంగా ఉన్న ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్ కార్డులో చివరకు వస్తుంది, పాస్‌పోర్టు దరఖాస్తు ఇంటిపేరునూ సొంతపేరునూ వేరువేరు గళ్లలో అడుగుతుంది. వీటి మీద ఇంగ్లిషు వర్ణక్రమం మూలిగే నక్క మీద తాటిపండు. లక్ష్మి అన్న పేరును ఒక గుమాస్తా ఎక్స్‌తో రాస్తే, మరొకరు కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు. రెడ్డి అన్నది ఒక కాగితంలో పేరులో కలిసిపోయి మరో కాగితంలో విడిపోతుంది. పెళ్లయిన స్త్రీకి తండ్రి ఇంటిపేరుతో చదువు సర్టిఫికెట్లు, భర్త ఇంటిపేరుతో ఓటరు కార్డు ఉంటాయి. యంత్రానికి ఇవన్నీ వేరువేరు మనుషులు. ఆధార్‌లో పేరును రెండుసార్లు, పుట్టినతేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకునే వీలుంది గనుక ఏ కాగితాన్ని బట్టి ఏ కాగితాన్ని దిద్దుకోవాలో ముందే తేల్చుకోవాలి. తప్పు దిద్దుకోవడంలో మళ్లీ తప్పు జరిగితే దారులు మూసుకుపోతాయి. చివరకు ఈ పేర్లన్నీ కలిగినది ఒకే వ్యక్తి అని స్టాంపు పేపరు మీద నోటరీ ముందు ప్రమాణం చేసే అఫిడవిట్ దాకా వ్యవహారం వెళ్తుంది. బతికున్న మనిషి తాను ఒక్కడినేనని ప్రమాణ పూర్వకంగా రాసివ్వడంలోని వింత ఆ బల్లల దగ్గర ఎవరికీ నవ్వు తెప్పించదు.

పుట్టినతేదీదీ అదే దారి. జనన మరణాల నమోదుకు 1969లో చట్టం వచ్చినా, ఇంట్లో కాన్పులు సాగినన్నాళ్లూ నమోదు చేయించినవాళ్లు తక్కువ. ఆధార్ తీసుకునేనాటికి ఆధారం చూపలేనివాళ్లకు జనవరి ఒకటి పుట్టినరోజుగా పడిపోయింది. చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా చెబితే ఖర్చు లేదు, 30 రోజుల దాకా ఆలస్య రుసుము, ఏడాది దాకా పై అధికారి రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు నుంచి అమలైన సవరణ ఆ చివరి మెట్టును న్యాయస్థానాల నుంచి పాలనాధికారులకు మార్చింది. అప్పటి నుంచి పుట్టే పిల్లలకు బడి మొదలు లైసెన్సు దాకా జనన పత్రమే ప్రధాన రుజువు. యాభై ఏళ్ల కిందట తెలంగాణ పల్లెలోనో కోస్తా పల్లెలోనో పుట్టి ఇప్పుడు అమెరికాలో గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేసేవాళ్లలో చాలామందికి ఆ పత్రం ఉండదు. రికార్డు లేదన్న ధ్రువపత్రమూ, పుట్టుక ఎరిగిన పెద్దల అఫిడవిట్లూ కావాలి. డాలస్‌లో ఉన్న తమ్ముడి కోసం ఇక్కడ మున్సిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగే అన్నలు చాలామందే ఉన్నారు.

అమెరికా పరిశోధకులు పమేలా హెర్డ్, డొనాల్డ్ మొయినిహాన్ 2018లో వెలువరించిన పుస్తకం ఈ తిరుగుళ్ల భారాన్ని మూడుగా విడదీసింది. ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడానికి అయ్యేది ఒకటి, ఆ కాగితాలు కూర్చి సమర్పించడానికి అయ్యేది రెండోది, అడుక్కున్నట్టు, అనుమానంగా చూసినట్టు అనిపించడం వల్ల మనసుకు అయ్యేది మూడోది. నెలజీతం ఉద్యోగి సెలవు పెట్టి ఈ మూడూ భరిస్తాడు, జీతం మాత్రం తెగదు. అడ్డా మీద నిలబడి పని వెతుక్కునే కూలీకి పూట పోతే ఆ రోజు కూలి మొత్తం పోతుంది. పదుల రూపాయల రుసుముతో వచ్చే ఆదాయ ధ్రువపత్రం, ఆదాయం తక్కువని రుజువు చేసుకోవడానికే కావలసిన పత్రం, నిజంగా తక్కువ ఆదాయం ఉన్నవాడికే అన్నిటికన్నా ఖరీదుగా పడుతుంది.

కౌంటరు అవతలి మనిషి పక్షం కూడా చూడాలి. మైకేల్ లిప్‌స్కీ అనే రాజనీతి శాస్త్రవేత్త 1980లో రాసిన గ్రంథంలో గుమాస్తా, పోలీసు, టీచరు వంటి వాళ్లను వీధిస్థాయి అధికారులుగా వర్ణించాడు. చేయవలసిన పని ఎప్పుడూ చేయగలిగినదానికన్నా ఎక్కువగా ఉన్నప్పుడు వాళ్లు తమను తాము కాపాడుకోవడానికి అడ్డదారులు కనిపెట్టుకుంటారనీ, జనానికి ప్రభుత్వ విధానంగా అందేది ఆ అడ్డదారులేననీ అతడి వాదన. నగరంలో ఒక గిర్దావరు ఆదాయ విచారణలతో పాటు ఎన్నికల జాబితాల పని, ప్రముఖుల రాకపోకల ఏర్పాట్లు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణల తనిఖీ చూస్తుంటాడు. తప్పుడు ధ్రువపత్రం ఇస్తే అతడి మీద చర్య ఉంటుంది, సరైన ధ్రువపత్రాన్ని నెల ఆపితే ఏమీ ఉండదు. అటువంటి చోట కొర్రీ వేయడమే తెలివైన పని. దుర్మార్గం కన్నా ఈ అసమతూకమే ఎక్కువ పత్రాలను ఆపుతోంది.

నిశ్చయం అమ్మేవాళ్లు

దళారి దగ్గరికి జనం ఎందుకు వెళతారన్న ప్రశ్నకు త్వరగా పనవుతుందన్నది సగం జవాబే. ఆర్టీఏ కార్యాలయం ముందు ఉండే ఏజెంటు లర్నింగ్ లైసెన్సుకూ డ్రైవింగ్ పరీక్షకూ మధ్య చట్టం పెట్టిన 30 రోజుల గడువును తగ్గించలేడు; అతడు అమ్మేది వేగం కాదు, నిశ్చయం. ఫలానా రోజున రండి, ఫలానా కాగితం చాలు, మళ్లీ రానక్కర్లేదు అన్న మూడు మాటలకు జనం వేలు చెల్లిస్తారు, ఆ మూడు మాటలూ చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిదే అయినా.

రోడ్డు మీద ఆ ఏజెంటు పాత్ర మోటారు సైకిలుది. బస్సు ఎప్పుడు వస్తుందో తెలియని మనిషి నెలవారీ వాయిదాల మీద బండి కొనుక్కుని తన రాకపోకలకు నిశ్చయం కొనుక్కుంటాడు. రెండు కొనుగోళ్లూ కొన్నవాడికి లాభమే, మిగిలినవాళ్లకు నష్టమే: దళారి ద్వారా వచ్చిన ఫైలు ముందుకు జరిగిన మేర వరుసలోని ఫైళ్లు వెనక్కి జరుగుతాయి, కొత్త బండి ఆక్రమించిన మేర బస్సు నెమ్మదిస్తుంది. బస్సు నెమ్మదించిన కొద్దీ మరొకరు బండి కొంటారు. కొత్త ఫ్లైఓవరు కట్టినా ఈ చక్రం ఆగదని, రద్దీ వేళ రహదారి విశాలమైన కొద్దీ అంతే మేర వాహనాలు చేరతాయని ఆంథొనీ డౌన్స్ 1962లోనే ప్రతిపాదించాడు. ఖైరతాబాద్ నుంచి గచ్చిబౌలి దాకా లేచిన వంతెనల కింద ఎదురుచూసేవాళ్లకు ఆ ప్రతిపాదన గురించి వేరే రుజువు అక్కర్లేదు.

సంస్కరణలు రాలేదనడం తప్పు. నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకం కోసం తెలిసినవాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగే పద్ధతికి బదులు దరఖాస్తుదారే సంతకం చేస్తే చాలన్న స్వీయ ధ్రువీకరణను 2013, 14 సంవత్సరాల్లో కేంద్రం ప్రోత్సహించింది. పింఛనుదారు ఏటా నవంబరులో తాను బతికున్నానని బ్యాంకుకు వెళ్లి నిరూపించుకునే అవసరాన్ని 2014 నవంబరులో వచ్చిన జీవన్ ప్రమాణ్ కొంత తగ్గించింది. ముసలితనంలో వేలిముద్రలు అరిగి యంత్రానికి అందకపోవడంతో తర్వాత ముఖాన్ని గుర్తించే పద్ధతి తెచ్చారు. సేవకు గడువు పెట్టి, దాటితే అధికారికి జరిమానా వేసే చట్టాన్ని మధ్యప్రదేశ్ 2010లో చేసింది, కర్ణాటక 2011లో చేసిన చట్టం సకాల పేరుతో అమలైంది. దేశమంతటికీ అటువంటి హక్కు ఇవ్వడానికి 2011 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చిన బిల్లు 2014లో సభ రద్దుతో మురిగిపోయింది.

వీటన్నిటికన్నా ముందు ఈ నగరంలోనే జరిగిన ఒక ప్రయోగం తగినంత గుర్తింపు పొందలేదు. 2001 ఆగస్టులో జంట నగరాల్లో ఈసేవా కేంద్రాలు తెరిచినప్పుడు పత్రికలు కంప్యూటర్లను చూసి మురిసిపోయాయి. అంతకు ముందు కరెంటు బిల్లుకు ఒక వరుస, నీటి బిల్లుకు మరో వరుస, ఆస్తిపన్నుకు ఇంకో వరుస ఉండేవి, ప్రతి కౌంటరుకూ తన మధ్యాహ్న భోజన విరామం ఉండేది. ఈసేవాలో ఏ కిటికీ దగ్గరైనా ఏ బిల్లయినా కట్టవచ్చు. వరుసల సిద్ధాంతం ప్రకారం పది చిన్న వరుసలను ఒకటిగా కలిపితే అదే సిబ్బందితో నిరీక్షణ బాగా తగ్గుతుంది, అక్కడ జరిగింది అదే. ఇంకొక మార్పు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలు ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం అయిదు దాకా, అంటే సరిగ్గా జనం తమ పనుల్లో ఉండే వేళల్లో తెరిచి ఉంటాయి. వాటికి వెళ్లాలంటే కొలువుకు సెలవు పెట్టాలి, రద్దీ వేళలోనే ప్రయాణించాలి. ఈసేవా కేంద్రాలు ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా, సెలవు రోజుల్లో కూడా కొన్ని గంటలు తెరిచి ఉండేవి. తహసీల్దారు కార్యాలయాల పనివేళలు మాత్రం ఇప్పటికీ పదిన్నర నుంచి అయిదు.